దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఎడమ వెనక చక్రం

మా జవాన్ల కంపెనీ ఎల్బీనగర్‌లో దిగేసరికి తెల్లవారుతోంది. మూడు బస్సులు, రెండు లారీలు, కమాండర్ కోసం ఒక తెల్ల అంబాసిడర్. బస ఒక ఫంక్షన్ హాల్లో. ఎవరిదో పెళ్ళి ఈమధ్యే అయినట్టుంది, స్టేజీకి బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి కిందే ట్రంకు పెట్టెలు, లాఠీలు, హెల్మెట్లు పేర్చాం. బాగా చలి. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు.

నేను కేంద్ర బలగంలో డ్రైవర్‌ని, మెకానిక్‌ని కూడా. అంతకుముందు కాశ్మీర్ చూశాను, అడవులు చూశాను. అక్కడి భయం వేరు. ఇక్కడ భయమేమిటంటే, ఇది నా చోటు. పోచంపల్లిలో మగ్గాలు వదిలేసిన మా వాళ్ళు సగం మంది దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో ఉన్నారు. ఎదురుగా రాయి పట్టుకుని నిలబడ్డవాడు నా మేనమామ కొడుకే కావచ్చు. ఆ మాట కమాండర్‌కు చెప్పలేదు. చెబితే మాత్రం ఆయనేం చేస్తాడు?

ఆ అంబాసిడర్ వయసు నా సర్వీసు కంటే ఎక్కువ. పైగా తెల్లది. అప్పట్లో హైదరాబాద్‌లో తెల్ల అంబాసిడర్ కనిపిస్తే లోపల మంత్రి ఉన్నాడనుకునేవారు. రాయి పడటానికి ఇంకో కారణం అక్కర్లేదు.

వచ్చిన కొద్ది రోజులకే వెనక నుంచి గుయ్‌మని ఒక మోత మొదలైంది. హయత్‌నగర్ గస్తీకి వెళ్ళినప్పుడు మొదట విన్నాను. టైర్ల అరుగుదల అనుకుని ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చాను. మోత వెనకే ఉండిపోయింది. కమాండర్‌కు చెబితే నవ్వాడు. ఆయనది హర్యానా, మాటలు నేను తెలుగులో రాస్తున్నాను. "ముసలి బండి, పాట పాడుకుంటోంది. పాడుకోనీ."

ఆ మాటకు నవ్వలేకపోయాను. వెనక బేరింగ్ అయితే అది పాట కాదు. అరిగీ అరిగీ ఒక రోజు చక్రమే ఊడి పక్క నుంచి పోతుంది.

మరుసటి వారం బంద్. దాంతోపాటు వంటావార్పు. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లు కదలకుండా చేయడం. ఆ పొద్దున మా వైర్‌లెస్ ఆపరేటర్ కడుపు పట్టుకుని కింద పడిపోయాడు. గోదావరి జిల్లా కుర్రాడు, మా కంపెనీలో నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్కడు. పక్క నర్సింగ్ హోమ్ డాక్టర్ వచ్చి కుడివైపు నొక్కి చూశాడు. అపెండిక్స్ అన్నాడు, పగిలేలా ఉంది, తన దగ్గర సర్జన్ లేడు, వెంటనే మలక్‌పేట పెద్ద దవాఖానకు తీసుకెళ్ళమన్నాడు. మా అంబులెన్సు ఇంకో ప్లటూన్‌తో హయత్‌నగర్‌లో ఇరుక్కుపోయింది. బయటి అంబులెన్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. మిగిలింది అంబాసిడర్.

"ఆయుధం వద్దు. ఎస్కార్టు లేదు. వైర్‌లెస్ సెట్టు ఆన్‌లో పెట్టు. ఎక్కడా గొడవ పెట్టుకోకు" అన్నాడు కమాండర్.

ఆపరేటర్ వెనక సీటులో ముడుచుకుని పడుకున్నాడు. మెయిన్ రోడ్డెక్కాక అతనితో అన్నాను:

"తమ్మీ, ఎవరన్న ఆపితే నువ్వు నోరు తెరవకు. నేను మాట్లాడ్త."

"నా యాస వింటే చంపేత్తారంటావా గురూ?"

"ఏమో. నాకైతే భయమైతుంది."

కొత్తపేట దాకా రోడ్డు మొత్తం ఖాళీ. బంద్ రోజున ఆ రోడ్డంత నిశ్శబ్దం నేనెక్కడా వినలేదు. అందుకే మోత అంత స్పష్టంగా వినబడింది. గేరు తీసి న్యూట్రల్‌లో వదిలాను, మోత పోలేదు. అంటే ఇంజనుదీ, గేరుబాక్సుదీ కాదు. గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కి వదిలాను. మారలేదు, అంటే వెనక మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌దీ కాదు. స్టీరింగ్ కుడికి తిప్పాను. బరువు ఎడమ చక్రం మీద పడగానే మోత గర్రుమని లేచింది. ఎడమకు తిప్పితే తగ్గింది. బ్రేకు నొక్కితే బండి కుడికి గుంజింది. అంటే ఎడమ వెనక డ్రమ్ములోకి ఆయిల్ కారి బ్రేకు పట్టడం లేదు. ఇక అనుమానం లేదు. ఎడమ వెనక బేరింగ్. నెమ్మదిగా పోతే మలక్‌పేట చేరతానా, చేరనా? అదొక్కటే తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు. వాటి వెనక పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, డప్పులు, వందల మంది. తెల్ల కారు చూడగానే గుంపు మా మీదికి వచ్చింది. బానెట్ మీద చేతులు దబదబ పడ్డాయి. చేతికి కట్టుతో ఉన్న ఒక కుర్రాడు నా కిటికీలోకి వంగాడు.

"ఎవలున్రు లోపల?"

"మా దోస్తు. కడుపునొప్పి. దవాఖానకు తీస్కపోతున్న, అన్నా."

"నువ్వు మనోనివేనా? గీ డ్రెస్సేంది మరి? గీ చెయ్యి ఇరగ్గొట్టింది మీరే, నిన్న."

జవాబు చెప్పేలోపు వెనక నుంచి ఆపరేటర్ అరిచాడు. "అమ్మో, నా వల్ల కావట్లేదండీ!"

డప్పు ఆగిపోయింది. ఆ కోస్తా 'అండీ' అందరికీ వినబడింది. గంజు దగ్గర అన్నం కలుపుతున్న ఒక పెద్దామె గరిటె పట్టుకునే వచ్చింది. వెనక తలుపు తీసి అతని నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఒళ్ళు కాలిపోతుంది పిలగానికి. ఏం చూస్తున్రు? రాళ్ళు జరుపుండ్రి!"

జరిపారు. తిట్టుకుంటూనే జరిపారు. దారి దొరికింది. అప్పుడు నా బండి మొరాయించింది.

కదిలింది కానీ, పది గజాలు పోయేసరికి వెనక కటకటమని చప్పుడు, కాలిన ఆయిల్ వాసన. దిగి చూస్తే ఎడమ చక్రం లోపలి నుంచి పొగ. ఆమె చెంబులో నీళ్ళు చల్లితే చుయ్‌మన్నాయి. జాకీ తీసే ఓపిక ఎవరికీ లేదు. ఎనిమిది మంది కారు వెనక భాగాన్ని చేతులతోనే ఎత్తి పట్టారు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. వదులైన పంటిలా ఊగింది. ఇంకో కిలోమీటరు పోతే ఊడుతుంది. మూసారాంబాగ్ కూడా దాటం.

"అయిపోయింది. ఇది పోదు" అన్నాను.

చేతికి కట్టున్న కుర్రాడు తన స్నేహితుణ్ణి పిలిచాడు. "బైకు తియ్యిరా. నడుమ కూసోబెట్టుకోని పోదాం. మమ్ముల ఎవలాపుతరు?" తర్వాత నా వైపు తిరిగాడు. "ఇస్తవా, ఇయ్యవా?"

నిన్న మా లాఠీ తిన్నవాడి చేతికి, కోస్తా యాసవాణ్ణి, నా ఒకే ఒక్క తెలుగు దోస్తును అప్పగించాలి. అప్పగించకపోతే ఈ సీట్లోనే పోతాడు. ఎత్తి బైకు మీద కూర్చోబెట్టాను. పడిపోకుండా పెద్దామె తన మెడలోని ఉద్యమ కండువాతో అతన్ని ముందువాడి నడుముకు కట్టింది. బైకు కదిలింది. మలుపు దగ్గర ఆపరేటర్ మెడ తిప్పి నా వైపు చూశాడు. కళ్ళు పెద్దవి చేసి, నోరు తెరిచి. నన్ను వీళ్ళకిచ్చేశావా అని అడుగుతున్నట్టే అనిపించింది.

సెట్టు మోగింది. కమాండర్.

"పేషెంట్ ఎక్కడ?"

"పంపించాను సార్."

"ఎవరితో?"

"ఇక్కడి వాళ్ళతో సార్" అన్నాను.

వాళ్ళు నాకు విస్తరిలో అన్నం, పప్పు పెట్టారు. అందరూ తిన్నారు, పాడారు, నేను ఊడబోయే చక్రం పక్కన కూర్చుని మలక్‌పేట వైపు చూశాను. పొద్దు వాలుతుండగా సెట్టులో కమాండర్ గొంతు వచ్చింది. "ఆపరేషన్ అయింది. బతికాడు. ఇంకో గంట ఆలస్యమైతే పోయేవాడట." అక్కడే రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడలేదు.

చలికాలం పోయాక మా డ్యూటీ ముగిసింది. కారుకు కొత్త బేరింగ్ నేనే వేశాను. కంపెనీతో పాటు రైలెక్కాను. సెలవు నుంచి తిరిగొచ్చిన ఆపరేటర్ నా ఎదురు బెర్తు మీద కూర్చున్నాడు. అన్నాళ్ళూ దిగమింగుకున్న మాట అప్పుడు అన్నాను. "తమ్మీ, ఆనాడు నీకు చానా భయమేసింది గదా. నువ్వెనక్కి చూసిన చూపు నేను మర్చిపోతలేను."

అతను ఆశ్చర్యంగా చూశాడు. "నాకెందుకు భయం గురూ? నేనెలాగూ ఆసుపత్రికే పోతున్నాను. అంత మంది మధ్యలో, ఆ యూనిఫామ్‌లో, నువ్వొక్కడివే మిగిలిపోయావు. నిన్నేం చేత్తారో అని చూశాను."

నౌకరీ వదిలేసి చాలా ఏళ్ళయింది. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఆ మలుపులో ఆ ముఖం కనిపిస్తుంది. ఇద్దరు కుర్రాళ్ళ నడుమ కండువాతో కట్టేసి ఉన్నాడు, నొప్పితో వంకరైపోయాడు, అయినా మెడ తిప్పి నా కోసం చూస్తున్నాడు.