ఎడమ తలుపు మీది క్రోమ్ పట్టీ

పాత కార్ల పైన ఉండే క్రోమ్ పట్టీలు, బిళ్లలు కంపెనీ నుంచి వచ్చినవా, తర్వాత ఎవరైనా చేసి తగిలించినవా అని చెప్పడంలో నాకు కొంచెం పేరుంది. ఆ పేరే నన్ను ముంచింది. నల్లగొండలో బండ్ల సొట్టలు తీసి బతికేవాడికి అంత పేరు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

నాకు పని నేర్పిన ఉస్తాద్‌ది హాలియా. ట్రాక్టర్ల మడ్‌గార్డులు బాగుచేసి బతికిన మనిషి. ఆయన దగ్గర ఎర్రటి పాతకాలపు స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. రెండే సీట్లు, పైకప్పు లేదు. ఎవరో దొర గడిలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న బండిని తుక్కు కింద తెచ్చుకుని, తీరిక దొరికినప్పుడల్లా ప్రాణం పోశాడు. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు రోడ్డు వెడల్పు చేస్తామని ఆయన షెడ్డు గోడకు గీత కొట్టిపోయారు. కారు అమ్మితేనే వేరే జాగా. లేకపోతే ఆ వయసులో ఇంకొకరి షెడ్డులో సుత్తి పట్టాలి.

కొనేవాణ్ణి నేనే తీసుకెళ్లాను. హైదరాబాద్ ఆయన. అంతకుముందు ఆయనకు రెండు కార్లు చూసిపెట్టి, రెండింటిలోనూ దొంగ పట్టీలను పట్టుకున్నాను. అప్పటి నుంచి నా మాట మీద ఆయనకు గురి. "పైన ఉన్నవన్నీ ఒరిజినల్ అయితేనే తీసుకుంటాను. మీరు అవునంటే చాలు, నేనింకేం చూడను" అన్నాడు దారిలో. నేను పొంగిపోయాను. బుద్ధి లేకపోతే సరి.

ఉస్తాద్ భార్య చాయ్ ఇచ్చింది. ఏటా దసరాకు ఆమె దేవుడి ఇత్తడి సామానుతో పాటు కారు పట్టీలను కూడా చింతపండు, బూడిద పెట్టి తోమేది. ఆ తోముడుకు పైపూత అరిగి కింది ఇత్తడి పచ్చగా బయటపడింది. ఉస్తాద్ వద్దని మొత్తుకుంటే, "దసరకు తోమకపోతే దేవుడు ఊకుంటడా?" అనేది. అంత అరిగినవి కొత్తగా చేసినవి కావని చూడగానే అనుకున్నాను.

బంపరు, దీపాల చుట్టూ ఉన్న రింగులు, ముందున్న బిళ్ల, కుడి తలుపు పట్టీ, అన్నీ కంపెనీవే. ఎడమ తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాను. పైకి చూస్తే కుడిదానికి కవల. అలవాటు కొద్దీ అంచు కిందికి వేలు పోనిచ్చాను. ఆకురాయి గీతలు తగిలాయి. కంపెనీ అంచుకు గీతలుండవు. పైగా అవి అందరి గీతల్లా కాకుండా రెండో వైపుకు వాలి ఉన్నాయి. ఉస్తాద్‌ది ఎడమచేతి వాటం. పదకొండేళ్లు ఆయన రాసిన అంచులు తడిమి పని నేర్చుకున్నవాణ్ణి, నాకు తెలియదా! ఎప్పుడో కారు తెచ్చిన కొత్తలో చేసి ఉంటాడు. ఆమె దాన్నీ అన్నిటితో పాటే తోముతూ వచ్చింది.

కాదంటే ఉస్తాద్ రోడ్డున పడతాడు. అవునంటే నన్ను నమ్మి వచ్చిన మనిషిని ముంచినట్టు. లేస్తే ఏదో ఒకటి చెప్పాలి, అందుకని లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఉస్తాద్ చేతులు వెనక్కి కట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఆయన మీదా, హైదరాబాద్ ఆయన మీదా, నా వేలి మీదా కోపమొచ్చింది.

"ఏమంటారు?" అని అడిగాడు కొనేవాడు.

"అన్నీ ఒరిజినలే" అన్నాను.

ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు. "కాదు సారూ. గా ఎడమ తలుపుది నేను జేసిన. నేను తెచ్చిననాడే అది లేకుండె."

హైదరాబాద్ ఆయన ఉస్తాద్‌కు దండం పెట్టాడు. నన్ను ఒకసారి చూసి వెళ్లిపోయాడు. కొత్త జాగా ఆశ అక్కడితో పోయింది.

"తెల్వలేదా బిడ్డా, తెలిసే చెప్పినవా?" అని అడిగాడు ఉస్తాద్.

సొట్ట తీయకుండా లప్పం పూసి దాచినందుకు ఒక పనివాణ్ణి అన్నం ముందు నుంచి లేపి పంపిన మనిషి ఆయన. తెలుసంటే ఆయన కోసమే ఆయన ముందు అబద్ధమాడినవాణ్ణి. తెలియదంటే పదకొండేళ్లు నాకు నేర్పిందంతా నీళ్లపాలు.

"తెల్వలేదు ఉస్తాద్."

ఆయన నమ్మాడు. నా చెయ్యి పట్టుకుని పట్టీ అంచు కింద వేలు పెట్టించి, కొత్తగా పనిలో చేరినవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "గిట్ల జూడాలె. గీతలు గిటు వాలినయంటే నా చెయ్యి అన్నట్టు. తప్పు నీది గాదు బిడ్డా, నేనే సక్కగ నేర్పలే."