ఏడో పిల్ల

"సాలు అత్తా, సాలు. పారేయ్ దాన్ని. అది బతికేది కాదు."

"బతికేది కాదని నీకెవరు చెప్పినారు మే? దేవుడేమన్నా చీటీ రాసిచ్చినాడా?"

"చెప్పేదేముండాది, కండ్లకు కనపడతానే ఉండాది కదా! మిగతా ఆరూ ఎట్లుండాయి, ఇది ఎట్లుండాది? సచ్చిపోతే చీమలు పడతాయి. వాసనొస్తే కింద ఓనరమ్మ మెట్లెక్కొచ్చి అరుస్తాది. అప్పుడు నువ్వు జవాబు చెప్తావా?"

"చెప్తా. నువ్వు పోయి నీ వంట చూసుకో."

"నా పిల్లోళ్ళను ఎత్తుకోమంటే మోకాళ్ళ నొప్పులంటివి. కుందేలు పిల్లకైతే నొప్పులు లేవా?"

"నీ పిల్లోళ్ళు నన్ను తంతారు. ఇది తన్నదు."

బొమ్మనహళ్ళిలో మేమున్న రెండో అంతస్తు మెట్ల మలుపులో, ఒక ఆదివారం మధ్యాహ్నం నాకూ నా కోడలికీ జరిగిన గొడవ ఇది. మనవరాలు ఏడ్చి కొనిపించుకున్న కుందేళ్ళ జతలో ఆడది మూడు రోజుల కిందట ఈనింది. తన ఒంటి బొచ్చు తానే పీక్కుని అట్టపెట్టెలో పరుచుకుని ఏడు పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు. ఆరు పిల్లలు ఒక్కొక్కటీ నా పిడికిట్లోకి నిండుగా వచ్చేవి. ఏడోది రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోయేది. వీపంతా ముడతలు పడి, నాకంటే ముసలిదానిలా ఉండేది.

నా కోడలు చెడ్డది కాదు. గార్మెంట్ ఫ్యాక్టరీలో రోజంతా చొక్కాలకు కాలర్లు కుడుతుంది. కుట్టు వంకరపోయిన ముక్కను అక్కడ పక్కకు విసిరేస్తారు. ఇంట్లోనూ ఆమె చెయ్యి అట్లాగే ఆడుతుంది. నా చెయ్యి అట్లాంటిది కాదు. చిరిగిన దుప్పటిని దిండు గలీబుగా కుడతాను, గలీబు చిరిగితే మసిగుడ్డ చేస్తాను, అది పోగులు పోగులయ్యాకనే వదులుతాను. పైగా, పనికిరాదని ఎవరో తేల్చేస్తే తలూపడం నాకు చేతకాదు. మూడో తరగతిలో నన్ను బడి మాన్పించినప్పుడు నాకు చదువు అంటదని పెద్దవాళ్ళు తేల్చేశారు. నన్నొక్క మాట అడగలేదు. అప్పుడు చిన్నదాన్ని, నోరెత్తలేదు. ఇప్పుడెందుకు ఊరుకుంటాను?

ఆ పట్టుదలలోనే పెద్ద తప్పు చేశాను. నా నలుగురు బిడ్డలకు పాలు పట్టిన ఉగ్గుగిన్నె ఇంకా నా ట్రంకుపెట్టెలో ఉంది. దాన్ని తీశాను. కాళ్ళు చాపుకుని, కుందేలు పిల్లను పాదాల మధ్య వెల్లకిలా పడుకోబెట్టి, నీళ్ళు కలిపిన ఆవుపాలు మనిషి బిడ్డకు పోసినట్టే పోశాను. రెండో చుక్కకే పాలు ముక్కులోంచి బుడగలుగా వచ్చాయి. ఒళ్ళు నీలంగా మారింది. తలకిందులుగా పట్టుకుని, కొంగుతో ముక్కు తుడిచి, వీపు రుద్దాను. చాలాసేపటికి గాని అది ఊపిరి తీసుకోలేదు.

కోడలు గడపలో నిలబడి అంతా చూసింది. "దీనికేనా ఇంతసేపు నాతో కొట్లాడింది? నీ చేత్తోనే చంపేదానికా?" అంది.

ఉగ్గుగిన్నె కడిగి పెట్టెలో పెట్టేశాను. తప్పు నా చేతిది, పిల్లది కాదు. పద్ధతి మార్చుకుంటాను గాని పిల్లను వదలను అనుకున్నాను. ఖాళీ దగ్గుమందు సీసాలో వేడినీళ్ళు పోసి, పాత రవికె గుడ్డ చుట్టి, దాని పక్కన పెట్టాను.

తల్లి కుందేలు రోజంతా పిల్లల వైపు చూడదని అంతవరకూ తిట్టుకునేదాన్ని. కానీ గుర్తు చేసుకుంటే, అది పొద్దున్నే ఒకసారి పెట్టెలోకి దూకేది. ఎసరు కాగేలోపల పాలిచ్చేసి బయటికి గెంతేది. ఆ కాసేపట్లో ఆరూ ఎగబడితే ఏడోది అడుగున నలిగిపోయేది. తల్లికి పాలు లేక కాదు, దీనికి వంతు రాక ఎండిపోతోంది. ఆ వంతు నేను ఇప్పించాలి.

సాయంత్రం ఆరింటినీ చేటలోకి తీశాను. తల్లిని ఒళ్ళోకి ఎత్తుకుని చిన్నదాన్ని రొమ్ముకు అందించబోయాను. తల్లి వెనక కాళ్ళతో తన్నింది. మోచేతి దాకా గీరుకుపోయి నెత్తురు వచ్చింది. మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ తన్నింది. దాన్ని పట్టుకోవడానికే రెండు చేతులూ చాలడం లేదు, పిల్లను ఎవరు పట్టుకోవాలి?

కోడల్ని సాయం పిలవడం నాకు అలవాటు లేదు. పిలిచాను.

"ఓ మే, ఇట్లా రా. దీన్ని పట్టుకో."

ఆమె వచ్చి నా చెయ్యి చూసింది. "పసుపు పెట్టుకో ముందు. ఇప్పుడది బెదిరిపోయుండాది, నిలబడదు. రేపు పొద్దన్నే పట్టుకుంటాలే. కానీ ఒక మాట. రేపు గానీ అది తాగలేదంటే నేనే తీసకపోయి పారేస్తా. నువ్వు నోరెత్తగూడదు."

"తాగితే?"

"తాగితే నీ ఇష్టం."

"నా ఇష్టం గాదు. తాగితే ఆ పారేసే మాట నీ నోట మళ్ళీ రాగూడదు."

"తాగనీలే ముందు. అప్పుడు ఎగురుదువు."

మర్నాడు పొద్దున కోడలు స్నానం చేసి, మెడలో ఫ్యాక్టరీ కార్డు వేసుకునే వచ్చింది. గోనెపట్టా మీద కూర్చుని, తల్లి కుందేలు కళ్ళకు తువ్వాలు కప్పి, ఒళ్ళో కదలకుండా పట్టుకుంది. నేను చిన్నదాన్ని రొమ్ము దగ్గర పెట్టాను. పక్కకు జారిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. మూడోసారి నోటితో పట్టుకుంది. పలచటి చర్మం కింద పొట్ట పాలతో తెల్లగా నిండడం ఇద్దరం చూశాం. అది వదిలాకే మిగతా ఆరింటినీ పెట్టెలోకి దింపాను. అప్పటికి కోడలు రోజూ ఎక్కే ఫ్యాక్టరీ బండి వెళ్ళిపోయింది. కోడలు ఒంటి మీది బొచ్చు దులుపుకుని, సిటీ బస్సుకు పరిగెత్తింది.