గుడి అంచు చీర

ఆ ఎండాకాలమంతా నాకు నిద్రకూ మెలకువకూ మధ్యే గడిచినట్టు గుర్తు. తెల్లవారకముందే మా అత్తమ్మ ఫోన్‌లో ఒక ఆడగొంతు మొదలయ్యేది. వెనక కీబోర్డు సన్నగా మోగుతుంటే ఆ గొంతు "నా ప్రియ కుమార్తె" అంటూ సాగేది. ఆమె ఎవరో ఏ ఊరో ఎరగం. ఎవరో వాట్సాప్‌లో పంపారు, అత్తమ్మ వదలకుండా పట్టుకుంది. నేను కళ్లు మూసుకునే వినేదాన్ని. ఒక్కోసారి అది ఫోన్‌లోంచి వస్తోందో, నా కలలోంచి వస్తోందో తెలిసేది కాదు.

మా పుట్టిల్లు నారాయణపేట. బాపు చీరలు నేసేవాడు. మక్తల్ దగ్గరి ఈ క్రైస్తవుల ఇంటికి నేను ఇష్టపడి కోడలిగా వచ్చాను, బాప్తిస్మమూ ఇష్టపడే తీసుకున్నాను. బాపు అలిగి పెళ్లికి రాలేదు. చీర మాత్రం పంపాడు. దానిమ్మ రంగు నూలు చీర, అంచు పొడవునా గోపురాలు. మా వైపు దాన్ని గుడి అంచు అంటారు. ఆ చలికాలమే బాపు పోయాడు. ఆయనదంటూ నాకు ఆ చీర ఒక్కటే మిగిలింది.

ఒక గురువారం ఆ గొంతు ఇలా అంది: "విగ్రహాల ఇంటి వస్తువొకటి మీ యింట ఉన్నది. ఆదివారము లోపల దానిని కాల్చివేయుడి. లేనియెడల మీ కుమారునికి కీడు."

అత్తమ్మకు ఒక్కడే కొడుకు. అతనే నా పెనిమిటి. లారీ నడుపుతాడు, ఆ వారం రాయచూరు దాటి ఎక్కడో ఉన్నాడు. అత్తమ్మ ఇల్లంతా కలియజూసి, నా పెట్టె దగ్గర ఆగింది.

"గా చీర తియ్యి బిడ్డా. దాని మీద గుడులున్నయి."

"అవి దారాలు అత్తమ్మా. ఉత్త నూలు దారాలు."

"నాకేం ఎరుక? నా పిలగాడు రోడ్డు మీదున్నడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను గూడ గా ఇంట్ల కెల్లే వచ్చిన గదా! నన్ను గూడ కాలుస్తవా?"

ఆమె నా పెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు. కాదనైనా అనలేదే అని ఏడుపొచ్చింది. చీర ఆమె ఒళ్లో పడేసి లోపలికి పోయాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికి కల వచ్చినా, స్వరం వినపడినా శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ల ముందు చెప్పాలి. అందరూ కలిసి తూచాకే ఏదైనా చెయ్యాలి. ఆ పద్ధతి ఉండడం దేవుడు చేసిన మేలే. లేకపోతే చీర ఆ గురువారమే బూడిదయ్యేది. అత్తమ్మ చెప్పిందంతా విని పాస్టరుగారి భార్య ఒక్కటే అడిగింది.

"గా గొంతు ఇన్నంక నీకు ఎవరి మీద ప్రేమ పెరిగింది?"

అత్తమ్మ చాప మీది ఈనె గిల్లుతూ కూర్చుంది. "బుగులే పెరిగిందమ్మా, నా పిలగానికి ఏమైతదోనని."

"అయితే జర ఆగు. దేవుని మాటయితే ఆగినా పాడుగాదు."

అయినా అత్తమ్మ చీర తిరిగివ్వలేదు. శనివారం పొద్దున పుట్టింటికి పోదామని నేను బట్టలు సర్దుకున్నాను. వడగాలికి కిటికీ రెక్క కొట్టుకుంటుంటే కునుకు పట్టింది. మగ్గం చప్పుడు, దాని వెనక బాపు గొంతు: "వచ్చెయ్ బిడ్డా. నీకాడ ఎవరున్నరు?" ఎంత తియ్యగా ఉందో! లేచి సంచి భుజాన వేసుకున్నాను. గడప దగ్గర పాస్టరమ్మ ప్రశ్న గుర్తొచ్చి కాళ్లాగాయి. ఆ పిలుపు విన్నాక నాకు ఎవరి మీద ప్రేమ పెరిగింది? ఎవరి మీదా లేదు, కడుపులో విషం పెరిగింది. బాపు అలిగినప్పుడు కూడా నన్ను వెనక్కి రమ్మనలేదు. అది బాపు గొంతు కాదు, నా కోపం బాపు గొంతు పెట్టుకుని వచ్చింది. సంచి దించేశాను.

మధ్యాహ్నం పెరట్లోకి వెళితే అత్తమ్మ చీర ఒళ్లో పరుచుకుని కూర్చుంది. పక్కన అగ్గిపెట్టె. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అంచు మీద వేలితో రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మీ బాపు అలిగిండంటివి గదా?"

"మస్తు అలిగిండు."

"అలిగినోడు గింత మంచిగ నేస్తడా?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"గా ఫోన్ల ఆమెకు నా ఇంట్ల ఏమున్నదో ఎరుకనట. గీ చీర మీద ఒక తండ్రి గోస ఉన్నదని మాత్రం ఎరుక లేదు." ఆమె లేచింది. భయం పోలేదు, కళ్లలో కనిపిస్తూనే ఉంది. చీర నా భుజాల చుట్టూ కప్పింది. "రేపు చర్చికి ఇదే కట్టుకో. నా కొడుకు వచ్చినా కట్టుకో, రాకున్నా కట్టుకో."

లారీ సాయంత్రం వచ్చింది. రాకున్నా కట్టుకొమ్మన్న మాట ఆమె మధ్యాహ్నమే అంది.