అడగకుండా చదివిన గోత్రం

విడాకుల కాగితాలు చేతికొచ్చి ఎనిమిది నెలలైనా, రాజమండ్రిలో మా వీధివాళ్ళకు నేను ఇంకా వర్క్ ఫ్రమ్ హోమ్ మీదే పుట్టింట్లో ఉన్నాను. అది అమ్మ అల్లిన కథ. కాదని నేనూ ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా గుమ్మం ఎక్కితే లాప్‌టాప్ పట్టుకుని లోపలి గదిలోకి పోయేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసేది.

పని మాత్రం నిజంగానే ఉండేది. మా కంపెనీ సొంతంగా తయారుచేసుకున్న ప్రోగ్రామింగ్ భాషను వేగంగా నడిపించడం నా బాధ్యత. ఆ భాషలో ఎదురొచ్చేది సంఖ్యో, పేరో, జాబితానో ప్రోగ్రామ్ నడిచేదాకా తెలియదు. అందుకని ఒక ఫంక్షన్‌ను, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కను, పిలిచిన ప్రతిసారీ, ఈ రకానికి ఏ ఫంక్షన్ అని మొదటి నుంచీ వెతుకుతుంది. లక్షసార్లు అదే రకం వచ్చినా లక్షసార్లూ వెతుకులాటే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నేను చేసిందల్లా పిలిచే ప్రతి చోటా ఒక చీటీ పెట్టడం: పోయినసారి వచ్చిన రకం ఇది, దొరికిన ఫంక్షన్ ఇది. ఈసారీ అదే రకం వస్తే ఇక వెతకనక్కర్లేదు. ప్రోగ్రాములు పరుగెత్తాయి. రెండు రోజులు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మూడో రోజు నా కోడ్ ఒక పరీక్షలో తప్పింది. అందులో ప్రోగ్రామ్ నడుస్తుండగానే ఒక ఫంక్షన్‌ను తీసేసి కొత్తది పెడతారు. నా చీటీ మాత్రం పాతదాన్నే పిలుస్తోంది. సోమవారంలోగా సరిచేయకపోతే నా మార్పు మొత్తం తీసేస్తామన్నారు మా టీమ్ లీడ్. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్న నన్ను శనివారం పొద్దున్నే అమ్మ కోరుకొండ గుడికి లాక్కుపోయింది.

మెట్లెక్కుతూ కూడా ఫోన్‌లో కోడే చూస్తున్నాను.

“దేవుడి దగ్గరికొచ్చి కూడా ఏంటే ఆ ఫోను? పడతావు,” అంది అమ్మ.

గర్భగుడి ముందు, చిన్నప్పటి నుంచీ నన్నెరిగిన పూజారిగారు మమ్మల్ని చూసి నవ్వారు. మా ముందువాళ్ళందరినీ గోత్రం అడిగారు. నన్ను అడగలేదు. నా పెళ్ళయ్యాక గుర్తుపెట్టుకున్న అత్తింటి గోత్రం, నా మాజీ భర్త పేరు, పక్కన ధర్మపత్ని అంటూ నా పేరు, గడగడా చదివేశారు.

ఒళ్ళు మండిపోయింది. పూజారిగారి మీద కోపమనుకున్నాను. కాదు. ఆయనకు ఎవరు చెప్పారు గనక? మార్చినవాళ్ళు వచ్చి చెప్పకపోతే పాత చీటీ తనంతట తాను చిరగదు. నా కోడ్‌లో లేనిదీ అదే. ఫంక్షన్‌ను మార్చే చోటే, దాన్ని గుర్తుపెట్టుకున్న చీటీలన్నిటినీ చెరిపేయాలి. ఆ ముక్క తేలిగ్గానే తట్టింది. నోరు తెరవడమే కష్టమైంది.

“అలా కాదండి. మేం విడిపోయాం,” అన్నాను.

అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆపడానికే అనుకున్నాను.

పూజారిగారు పళ్ళెం కింద పెట్టారు. “నేను అడగాల్సిందమ్మా. మరి ఏ గోత్రం చెప్పమంటారు?”

పెళ్ళిపీటల మీద వదిలేసుకున్న గోత్రం మళ్ళీ నాదవుతుందో లేదో నాకు నిజంగా తెలియదు.

“మాదే చెప్పండి,” అంది అమ్మ, వెనక వరసంతా వినేలా. “మా పిల్లేనండి.”