మా పిన్ని, మా అమ్మ ఫోటో, ఒక కొరియా సీరియల్

మా పిన్ని పోయింది. పొద్దున్నే ఫోన్ చేసి ఆ కబురు చెప్పింది ఆవిడ పక్కింట్లో ఉండే టైలరమ్మ. "అమ్మడూ, మీ పిన్ని లెగట్లేదు, బేగి రా" అంది. మిగతాది ఆవిడ గొంతులోనే తెలిసిపోయింది. పెళ్లయ్యాక నేనుండేదీ అనకాపల్లిలోనే, రెండు వీధుల అవతల. వెళ్లేసరికి పిన్ని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే ప్రాణం పోయిందన్నారు డాక్టరుగారు. అనాయాస మరణం, అదృష్టవంతురాలు అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్లు. ఆ మాట పోయినవాళ్లకు పనికొస్తుందేమో గానీ ఉన్నవాళ్లకు పెద్దగా పనికిరాదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు కాదు. అమ్మ నాకు ఊహ తెలియకముందే జ్వరం వచ్చి పోయింది. ఏడాది తిరిగాక నాన్న మాడుగుల దగ్గర ఒక చెరుకు రైతుల ఇంటి పిల్లని చేసుకున్నాడు. మావైపు అలా వచ్చిన ఆవిడని పిన్ని అనే పిలుస్తాం. పిలవమన్నారు, పిలిచాను. సవతి తల్లి అనగానే మీకు ఏవేవో కథలు గుర్తొస్తాయి కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, మా ఇంట్లో అలాంటివేమీ జరగలేదు. కొట్టిన మాట నిజమే. కొట్టాల్సినప్పుడు కొట్టింది, జడ వేసేటప్పుడు మాత్రం కారణం లేకుండా మొట్టేది. ముద్దులు పెట్టే మనిషి కాదు. నేనూ మీదపడి గారాలు పోయే పిల్లని కాదు. ఇద్దరికీ సరిపోయింది.

ఆవిడ మెడలో తాళితో పాటు ఇంకో చిన్న బంగారు బిళ్ళ ఉండేది. రెండో పెళ్లిగా వచ్చిన ఆడది, ముత్తయిదువుగా పోయిన మొదటావిడ పేరున అలాంటిది వేసుకుంటుంది. కొత్త చీర ఏదైనా సరే, ముందు ఆవిడ ఫోటో ముందు పెట్టి, కొంగుకి పసుపు రాసి, అడిగి కట్టుకోవాలి. చాలామంది ఇళ్లల్లో అది ఏడాదికోసారి జరిగే తంతు. మా పిన్ని మాత్రం చీరకే కాదు, కొత్త గిన్నెకీ కొత్త చెప్పులకీ కూడా అడిగేది. "అక్కా, ఇది కొన్నాను, సూడు" అనేది, పక్కగదిలో ఉన్న మనిషితో అన్నట్టు. నాకు పదో తరగతిలో వచ్చిన మార్కులు కూడా నాన్నకన్నా ముందు ఆ ఫోటోకే చెప్పింది. అమ్మని నేనెరగను. ఆ ఫోటోలో ఆవిడ కొంచెం ఆశ్చర్యపోయినట్టు ఉంటుంది. పిన్ని అన్నేళ్లు చెప్పిన కబుర్లు విని అలా అయిందేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు.

నాన్న పోయినప్పుడు పెద్దవాళ్లు పిన్ని మెడలోవి తీస్తూ ఆ బిళ్ళ కూడా తియ్యబోయారు. పిన్ని గట్టిగా పట్టుకుంది. "ఇది ఆయనది కాదు, మా అక్కది" అంది. తర్వాత దాన్ని నల్లదారానికి కట్టుకుని ఉంచుకుంది.

ఇక కొరియా సీరియల్ సంగతి. నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆదివారం మధ్యాహ్నాలు పిన్ని దగ్గర భోంచేసి, టీవీలో ఏదో ఒకటి పెట్టుకుని ఇద్దరం చూడడం అలవాటు. పోయిన వానాకాలం తెలుగులో డబ్బింగ్ చేసిన సీరియల్ ఒకటి దొరికింది. మందుల షాపులో పనిచేసే ఒకమ్మాయి వానలో బస్సెక్కుతుంది. ఆ బస్సు ఆమెని తను పుట్టిన కొత్త రోజుల్లోకి, కన్నతల్లి ఇంకా బతికున్న కాలానికి తీసుకెళుతుంది. మళ్లీ వాన పడితే వెనక్కి వస్తుంది. ఆ బస్సు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

"మన మాడుగుల బస్సు లాగే ఉంది" అంది పిన్ని.

టీవీకి ఎదురుగోడ మీద అమ్మ ఫోటో ఉంటుంది. నేను కుర్చీ మధ్యలో వేసుకుంటే పిన్ని ఊరుకునేది కాదు. "పక్కకి జరుగు, మీ అమ్మకి అడ్డం" అనేది. తను గుమ్మం పక్కన పీట వేసుకుని, మెడ వంకర పెట్టుకుని చూసేది. మధ్యమధ్యలో ఫోటోవైపు తిరిగి, అర్థం కాని చోట కథ విప్పి చెప్పేది. అక్కడే మేం గొడవ పడేవాళ్లం, ఎందుకంటే ఆవిడ చెప్పేది సగం తప్పు.

సీరియల్లో ఆ అమ్మాయి పడుచువయసులో ఉన్న కన్నతల్లిని కలుసుకుని, తానెవరో చెప్పలేక "అక్కా" అని పిలుస్తుంది. పిన్నికి అది నచ్చలేదు. వరసలు తప్పితే ఆవిడకి అన్నం సయించదు.

"తల్లిని అక్కా అంటే, మరి ఆ తండ్రిని బావా అంటాదేటి? ఛీ!"

నాకున్న బాధ వేరు. తల్లిని బతికిస్తే, ఆ అమ్మాయికి బస్సెక్కే అవసరమే ఉండదు. ఎక్కకపోతే తల్లిని బతికించేదెవరు? ఆ మాటే అంటే, "బడి రేపు పెట్టుకో, ఇప్పుడు సూడనీ" అంది పిన్ని.

సగం కథ అయ్యాక రూలు ఒకటి బయటపడింది. తల్లి బతికితే ఆ తర్వాత జరిగినవన్నీ చెరిగిపోతాయి. తల్లి పోయాక వచ్చి ఆ పిల్లని పెంచిన ఆవిడ, వేడి సూపులమ్మే కొట్టు నడిపే ఆవిడ, ఎక్కడో తన పొయ్యి దగ్గర తనుంటుంది. వీధిలో ఎదురుపడినా ఈ పిల్లని గుర్తుపట్టదు. పిన్ని ఈసారి ఫోటోకి కథ విప్పి చెప్పలేదు. టీ పెడతానని లేచి, వంటింటి గుమ్మంలో ఆగింది.

"నీకు అలాటి బస్సు దొరికితే ఎక్కుతావేటి?"

"అలాంటి బస్సులుండవు పిన్నీ."

"ఉంటేనో?"

"ఉంటే అప్పుడు చూద్దాం."

"సూసేదేటుంది, ఎక్కాలి. కన్నతల్లి కదా. ఎక్కకపోతే తప్పు." లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు మధ్యలోంచి మళ్లీ గొంతు వినిపించింది. "నా గురించి సూడకు. మా నాన్న బెల్లం వండుకుంటా ఉంటాడు, నాను చెరుకు పిప్పి ఎండబెట్టుకుంటా ఉంటాను. ఎవుడో ఒకడికిచ్చి సేసేత్తారు."

నవ్వొచ్చింది, నవ్వాను. టీలో బెల్లం ఎక్కువైంది ఆ రోజు.

ఆఖరి భాగం చూసిన రోజు నిజంగానే వాన. ఆ అమ్మాయి బస్సు దిగుతుంది. రోడ్డుకి అవతల తల్లి, వీపున పసిపిల్లని కట్టుకుని చేపలు బేరమాడుతోంది. ఆ పసిపిల్ల తానే. దాటి వెళ్లి ఒక్క మాట చెబితే చాలు, తల్లి బతుకుతుంది. అమ్మాయి చూస్తూ నిలబడుతుంది. వెనక బస్సు హారన్ మోగుతుంది. పలకరించకుండానే వెనక్కి వచ్చేసి, సూపు కొట్టులోకి వెళ్లి, ఆకలేస్తోందంటుంది. అయిపోయింది. లెక్కకి నిలబడే ముగింపు అదొక్కటే అనిపించింది నాకు. అదీగాక, పెంచినావిడ గెలిచింది కదా, పిన్ని సంతోషిస్తుందనుకున్నాను.

పిన్నికి ఒళ్లు మండిపోయింది.

"ఓలమ్మ, అంత దూరం ఎల్లి పలకరించకుండా వచ్చేసిందేటి! బతికించకపోతే పోనీ. 'అమ్మా, నీ కూతురు ఆకలితో పడుకోలేదు, సదువుకుంది, నీ తరవాత వచ్చినావిడ బాగానే సూసింది' అని ఒక్క ముక్క సెప్పి వత్తే దాని సొమ్మేం పోద్ది? ఆ తల్లికి తెలవొద్దా?"

ఫోటోవైపు తిరిగి, "సూసేవా అక్కా, ఎలాటి గుంటో!" అంది. కళ్లలో నీళ్లున్నాయి. ఆవిడ ఏడవడం నేను చూసింది తక్కువ. నాన్న పోయినప్పుడు కూడా వచ్చినవాళ్లకి టీలు అందాయా లేదా అని చూసుకుంటూ తిరిగిన మనిషి.

అప్పుడు అర్థమైంది నాకు. చీరలు, గిన్నెలు, మార్కులు అన్నీ తెచ్చి అక్కకి చూపించింది గానీ ఆ ఒక్కమాట మాత్రం పిన్ని చెప్పుకోలేదు. తన గురించి తాను చెప్పుకుంటే చెల్లదు. పెరిగిన పిల్ల చెప్పాలి. ఆ పిల్ల ఏమో లెక్కలు చెబుతోంది, బస్సులుండవంటోంది. మాటలు తొందరగా రాని వంశం మాది. వచ్చే ఆదివారం ఇంకోటి చూద్దామన్నాను. చూశాం కూడా, ఇంకా రెండు మూడు. ఏ ఒక్కటీ పిన్నికి దానంత నచ్చలేదు. తిట్టుకోవడానికి వీలుగా ఉండేవి కావు.

దహనానికి ముందు టైలరమ్మ నల్లదారం విప్పి ఆ బిళ్ళ నా చేతిలో పెట్టింది. దాన్ని అమ్మ ఫోటో మేకుకి తగిలించాను. పెద్దకర్మ అయ్యాక మా ఆడపడుచు నాకొక చీర పెట్టింది, గచ్చకాయ రంగుది. ఆదివారం దాన్ని పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లాను. ఆవిడ ఫోటో ఫ్రేము కట్టే కొట్టులోనే ఉంది, ఇంకా ఇవ్వలేదు. గోడ మీద అమ్మ ఒక్కతే ఉంది. నాకు పిన్ని లేకపోవడం కష్టంగానే ఉంది. వంటింట్లో చప్పుడు లేకపోతే ఆ ఇల్లు ఇల్లులా లేదు.

చీర కొంగుకి పసుపు రాసి అమ్మ ముందు పెట్టాను. క్లాసులో హాజరు వేసే గొంతు నాది. ఆ గొంతుతోనే చెప్పాను.

"అమ్మా, నేను ఆకలితో పడుకోలేదు. చదువుకున్నాను. నీ తరవాత వచ్చినావిడ బాగానే చూసింది."

తర్వాత టీవీలో ఆ సీరియలే మొదటినుంచీ పెట్టి, కుర్చీ మధ్యలో వేసుకోబోయి, గుమ్మం పక్కకి జరిగి, పిన్ని పీట మీద కూర్చున్నాను.