బోండాకు ఊపిరాడని రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఊపిరి బయటికి వినబడేవాళ్ళు ఇద్దరుండేవారు. ఒకరు మా తాతయ్య, రెండోది బోండా అనే కుక్కపిల్ల. బంగారు గనులున్న మారికుప్పంలో గని కార్మికుల వరస ఇళ్ళలో మాదొకటి. ముందొక గది, వెనకొక గది, మధ్యలో తలుపు లేని గుమ్మం. గుమ్మానికి ఇటుపక్క తాతయ్య ఛాతీలోంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వచ్చేది. అటుపక్క బోండా ముక్కులోంచి గురక వచ్చేది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య నేను పడుకునేదాన్ని.

తాతయ్య గని లోపల రాతికి బెజ్జాలు వేసే మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. గని పని మానేశాడు కానీ రాతి ధూళి ఆయన్ని వదల్లేదు. ఛాతీలో అలాగే ఉండిపోయింది. వీధి చివర కుళాయి దాకా వెళ్ళొస్తే గోడ పట్టుకుని చాలాసేపు నిలబడేవాడు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆగమనేవాడు. మాటకు కూడా గాలి కావాలని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది.

ఇక బోండా సంగతి. మా మేనత్త ఒక ఆఫీసరు బంగళాలో వంట చేసేది. ఆ ఇంటివాళ్ళు బెంగళూరు నుంచి తెచ్చుకున్న చప్పిడి ముఖం కుక్క ఈనింది. గట్టి పిల్లల్ని స్నేహితులు తీసుకుపోయారు. చివరికి ఒకటి మిగిలింది. పాలు తాగితే సగం ముక్కులోంచి బయటికి వచ్చేవట. ఇది దక్కదని ఆ ఇంటి అమ్మగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, మా అత్త దాన్ని కొంగులో చుట్టి మా ఇంటికి తెచ్చేసింది. నల్లటి ముఖాన్ని ఎవరో బొటనవేలితో లోపలికి నొక్కినట్టుండేది. నుదుటి మీద మడతలు, బయటికొచ్చిన కళ్ళు. నూనెలో నుంచి అప్పుడే తీసిన బోండాలా ఉందని అమ్మ అంది. ఆ పేరే ఖాయమైంది.

దాని గురక మా వరసలో అందరికీ పెద్ద వినోదం. పిల్లలు గుమ్మం దగ్గర చేరి, అది నిద్రపోతే చెవి పెట్టి విని నవ్వుకునేవాళ్ళు. నేను దానిలాగే గురక పెట్టి చూపించేదాన్ని. మా ఇంట్లో నవ్వనిది తాతయ్య ఒక్కడే. ఒక మధ్యాహ్నం ఆయన నేల మీద బోర్లా పడుకుని, దాని ముఖం దగ్గర ముఖం పెట్టి చాలాసేపు చూశాడు. నన్ను పిలిచి చూడమన్నాడు.

"పాపా, అది గురక కాదు. గాలి కోసం గుంజుకుంటా ఉండాది."

చూశాను. బోండా ముక్కుకు బెజ్జాలున్నాయని అంతవరకు అనుకున్నాను. నిజానికి అక్కడ ఉన్నవి రాగిముద్ద మీద గోటితో గీసినట్టు రెండు గీతలు. అది గాలి పీల్చినప్పుడల్లా ఆ గీతలు కూడా మూసుకుపోతున్నాయి. ఆ తర్వాత నేనెప్పుడూ దాని గురకను చూపించి ఎవరినీ నవ్వించలేదు.

ఎండలు ముదిరాక దాని పరిస్థితి దిగజారింది. గిన్నెలో మూతి పెట్టి రెండు ముద్దలు తినేది, తల పైకెత్తి నోరు తెరిచి రొప్పేది. తినాలంటే ఊపిరి ఆపాలి, ఊపిరి తీసుకోవాలంటే తినడం ఆపాలి. పొట్ట నిండకుండానే అలిసిపోయేది. పడుకుంటే గొంతు మూసుకుపోయేది కాబోలు, చెంబు అంచు మీద గడ్డం ఆనించి కూర్చునే నిద్రపోయేది. తల పక్కకు వాలగానే ఉలిక్కిపడి లేచేది. తాతయ్య కూడా అంతే, గోడకు దిండు చేర్చి కూర్చునే పడుకునేవాడు. పొద్దున్నే లేచి చూస్తే ఇద్దరూ కూర్చునే ఉండేవాళ్ళు, ఇద్దరి కళ్ళూ ఎర్రగా.

పశువుల ఆస్పత్రి డాక్టరు మంచివాడు. బోండా నోరు తెరిచి, ముక్కు నొక్కి చూసి దాపరికం లేకుండా చెప్పాడు. ఈ జాతి కుక్కలకు ముఖం పొట్టిదైంది గానీ లోపలి కండ మాత్రం పొట్టిది కాలేదు, అదంతా ఇరుకులో కుక్కినట్టు ఉండి గాలికి అడ్డం పడుతుంది అన్నాడు. బెంగళూరులో ముక్కు బెజ్జాలు కోసి వెడల్పు చేసే డాక్టర్లు ఉన్నారన్నాడు. అయితే ఇలాంటి కుక్కలకు మత్తు ఇస్తే మళ్ళీ లేస్తాయన్న నమ్మకం లేదు. ఇలాగే వదిలేస్తే ఈ ఎండాకాలం దాటదు. ఏదైనా మీ ఇష్టం అన్నాడు. దారిలో ఊపిరి ఆగితే ఏం చేయాలో కూడా తాతయ్యకు చూపించాడు.

నాన్నకు పగటి షిఫ్టు, అమ్మ చేతిలో చంటిపిల్లాడు, అత్తకు బంగళా పని. నేనే తీసుకుపోతానన్నాడు తాతయ్య. మా నాయనమ్మ చేతిలోని బైబిలు పక్కన పెట్టి కోపంగా లేచింది.

"నీకే ఊపిరాడదు. దాన్ని ఎత్తుకొని యాడికి పోతావప్పా నువ్వు?"

"ఊపిరాడకుంటే ఎట్లుంటాదో ఈ ఇంట్లో నాకే కదా తెలుసు. ఇంగెవరు పోతారు?" అన్నాడాయన.

నాయనమ్మ ఆయనకు తోడుగా నన్ను పంపింది.

పొద్దున రైలెక్కేటప్పుడు చల్లగానే ఉంది. బోండాను వెడల్పాటి గంపలో తడిగుడ్డ పరిచి కూర్చోబెట్టాం. మత్తు ఇస్తారు కాబట్టి ఏమీ పెట్టకూడదన్నారు. అది నా వేళ్ళు నాకుతూ ఉంటే నాకు ఏడుపొచ్చింది. పనులకు పోయేవాళ్ళతో పెట్టె నిండిపోయింది. ఎవరో నాకు కిటికీ పక్కన చోటిచ్చారు. తాతయ్య గాలి కోసం తలుపు దగ్గర నిలబడ్డాడు. బంగారుపేటలో ఇంకా జనం ఎక్కారు. ఆయన నాకు కనబడకుండా పోయాడు.

మాలూరు దాటాక రైలు ఆగిపోయింది. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. చుట్టూ మామిడి తోటలు. ఎండ ఇనుప పెట్టె మీద పడి లోపల ఉడకడం మొదలైంది. కిటికీలోంచి గాలన్నది లేదు. బోండా చప్పుడు మారింది. గురక కాస్తా గీరినట్టయింది. తర్వాత ఒక్కో శ్వాసకు దాని పక్కటెముకలు లోపలికి పోయి వెన్నుకు అంటుకుంటున్నాయి. నేను దాన్ని గంపలోంచి తీసి గుండెకు అదుముకున్నాను. ఏడ్చే కొద్దీ ఇంకా గట్టిగా అదుముకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో, పాపం అంటూ మా మీదికి వంగారు. దాని నాలుక నేరేడు పండు రంగుకు తిరిగింది. కాళ్ళు వదులైపోయాయి. తాతయ్యా అని అరిచాను.

ఆయనకు తిరిగి అరవడానికి గాలి లేదు. అరచేత్తో పెట్టె గోడను దడదడ బాదాడు. అందరూ అటు తిరిగారు.

"జరగండప్పా... గాలి... గాలి రానీయండి."

జనం తప్పుకున్నారు. ఆయన సీట్లను పట్టుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. "దింపు పాపా, కింద పెట్టు" అన్నాడు. నేను వదల్లేదు. వదిలితే చచ్చిపోతుందనిపించింది.

"ప్రేమతోనే పట్టుకొనుండావులేమ్మా. దానికి ఇప్పుడు కావల్సింది గాలి."

నా చేతులు ఆయనే విడదీశాడు. బోండాను నేల మీద పడుకోబెట్టి మెడ ముందుకు చాపాడు. వేలితో నోరు తెరిచి నాలుకను బయటికి లాగి పట్టుకున్నాడు. దోసకాయలమ్మే ఆమె తన కుండలోని నీళ్ళు మొత్తం ఇచ్చేసింది. ఆయన తువ్వాలు తడిపి దాని పొట్ట కింద, కాళ్ళ సందుల్లో ఒత్తాడు. ఒకాయన పేపరుతో విసిరాడు. బోండా కదల్లేదు. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. అప్పుడు తాతయ్య నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు.

"నన్ను చూడు. వేడి చారు ఊదతావు కదా, అట్ల ఊదు. మెల్లగా. నువ్వెట్ల పీలుస్తావో అదీ అట్లే పీలుస్తాది. నువ్వు ఎక్కిళ్ళు పెడితే దానికీ ఎక్కిళ్ళే."

నమ్మాను. నా ఊపిరి మీద దాని ప్రాణం ఉందనుకున్నాను. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదాను. వణికింది, మళ్ళీ ఊదాను. ఎదురుగా తాతయ్య కూడా పెదాలు చుట్టి ఊదుతున్నాడు. ఎంతసేపో తెలియదు. బోండా పొట్ట ఒకసారి పైకి లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది. నాలుక అంచున ఎర్రటి రంగు తిరిగి రావడం మొదట చూసింది ఆ దోసకాయలామె. "వచ్చినాది, ఉసురు వచ్చినాది" అని అరిచింది. అంతలో రైలు కదిలింది, కిటికీలోంచి గాలి కొట్టింది.

అప్పుడు నేను తాతయ్యను సరిగ్గా చూశాను. ఆయన పెదాలు కూడా నేరేడు రంగులోనే ఉన్నాయి. మెడ నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. ఆయన నాకు నేర్పించడానికి ఊదుతున్నాడని అంతసేపూ అనుకున్నాను. నిజానికి నా ఊపిరిని పట్టుకుని తన ఊపిరి నిలబెట్టుకుంటున్నాడు. కుక్కపిల్ల నన్ను చూసి పీలుస్తుందన్న మాట ఉత్త మాటేనని చాలా ఏళ్ళకు అర్థమైంది. నా ఏడుపు ఆపడానికి ఆయనకు అంతకంటే మంచి ఉపాయం దొరకలేదు.

బెంగళూరు ఆస్పత్రిలో లేడీ డాక్టరు బోండాను చూడగానే లోపలికి తీసుకుపోయింది. పోతూ పోతూ తాతయ్య వైపు తిరిగి, మీరూ చూపించుకోవాలి పెద్దాయనా అని కన్నడంలో అంది. ఆయన నవ్వి తలూపాడు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. తలుపు మూసేశారు. లోపల నుంచి ఏ చప్పుడూ లేదు.

"బతుకుతాదా తాతయ్యా?"

బతుకుతాదనే అంటాడనుకున్నాను. పెద్దవాళ్ళంతా అలాగే అనేవాళ్ళు కదా.

"తెలీదమ్మా" అన్నాడు.

"మరి మనమేం చెయ్యాల?"

"ఉండాల. యాడికీ పోకుండా ఈడ్నే ఉండాల."

నాకు చాలా భయం వేసింది. కానీ ఆయన అబద్ధం చెప్పలేదన్న ధైర్యం కూడా ఎక్కడో కలిగింది. ఆయన మోకాలికి నా మోకాలు ఆనించి కూర్చున్నాను. నీడ ఆ గోడ మీది నుంచి ఈ గోడ మీదికి వచ్చింది.

చివరికి తలుపు తీసి లోపలికి పిలిచారు. బల్ల మీద బోండా పక్కకు తిరిగి పడుకుని ఉంది. ముక్కుకు రెండు పక్కలా నల్లటి కుట్లు. నోరు మూసి ఉంది. చప్పుడు లేదు. పుట్టినప్పటి నుంచి, రైల్లో ఊపిరి ఆగినప్పుడు తప్ప, చప్పుడు లేకుండా అది ఒక్క క్షణం కూడా లేదు. చచ్చిపోయిందని కేక పెట్టాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, అరచేతిని దాని ముక్కు ముందు పెట్టింది. వెచ్చగా తగిలింది. ఆగి, మళ్ళీ తగిలింది. నోరు మూసుకుని, ముక్కుతో, అన్ని కుక్కల్లాగా నిద్రపోతోంది బోండా. తాతయ్య నవ్వడం మొదలుపెట్టి దగ్గులోకి పోయాడు, దగ్గు ఆగాక తువ్వాలుతో చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు.

డాక్టరమ్మ లేనిపోని ఆశ పెట్టలేదు. ముక్కు తెరిచాం గానీ గొంతులో ఇరుకు ఇంకా ఉంది, ఎండలో తిప్పొద్దు, లావెక్కనివ్వొద్దు, మెడకు పట్టీ వెయ్యొద్దు అంది. మర్నాడు ఇంటికి తెచ్చాం. కుట్లు మానాక అది మొదటిసారి గిన్నె ఖాళీ చేసి, ఇంకా కావాలని గిన్నెను నేల మీద తోస్తూ తిరిగింది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేసింది. బోండా మా ఇంట్లో చాలా ఏళ్ళు బతికింది.

తాతయ్య ఛాతీని అలా తెరిచే డాక్టరు మాకు దొరకలేదు. ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఆయనకు ఊపిరి అందడం మానేసింది. ముందు గది జనంతో నిండిపోయింది. చర్చి నుంచి వచ్చినవాళ్ళు, గనిలో కలిసి పనిచేసినవాళ్ళు. అందరూ ఆయన మీదికి వంగి ఏడుస్తున్నారు. ఆయన చెయ్యెత్తి ఏదో చెప్పబోతున్నాడు, ఎవరికీ అర్థం కావడం లేదు. నాకు అర్థమైంది. అంతమంది పెద్దవాళ్ళను గాలి రానీయండని నెట్టుకుంటూ వెళ్ళాను. వీధి తలుపు తీయించాను. ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చుని, వేడి చారు ఊదినట్టు మెల్లగా ఊదాను. ఆయన నన్ను చూశాడు. పెదాలు చుట్టాడు. కాసేపు నాతో కలిసి ఊదాడు. తర్వాత ఆయన ఊపిరి కలవలేదు.

ఇప్పుడు నేను వేమగల్‌లో నా కొడుకు దగ్గర ఉంటున్నాను. మా పక్కింటివాళ్ళు చప్పిడి ముఖం కుక్కపిల్లను కొన్నారు. దాని గురకను ఫోన్‌లో పట్టి అందరికీ చూపించి నవ్వుతుంటే వెళ్ళి దాని ముక్కు చూడమన్నాను. చూశాక వాళ్ళూ డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

నా సొంతవాళ్ళలో కొందరికి కష్టమైన రోజులు వచ్చాయి, నా కళ్ళ ముందే వచ్చాయి. అలాంటప్పుడు నేను వాళ్ళను అదుముకోను. ఏమీ కాదని చెప్పను, ఏమవుతుందో నాకు తెలియకపోతే. కిటికీ తీస్తాను, జనాన్ని కాస్త దూరం జరుపుతాను, వాళ్ళకు కనబడేలా కింద కూర్చుంటాను, యాడికీ పోను. ఏడుపు నాకూ వస్తుంది. ఏడుస్తాను కూడా. తర్వాత, పెరట్లోకి వెళ్ళి.