పాతరలో నేను, మూతి దగ్గర నాగప్ప

మా చిన్నప్పుడు... జొన్నలు ఇంట్లో ఉండేవి కావు. నేల కింద ఉండేవి.

ఎమ్మిగనూరు దగ్గర మా పల్లె. వాకిట్లోనే పాతర. పైన మనిషి దూరేంత మూతి, కింద కడవ పొట్టలాగా వెడల్పు. జొన్నలకు చెమ్మ తగలకుండా లోపల గోడలకు ఎండుగడ్డి కట్టేవాళ్ళు. మూతి మీద బండ వేసి మన్ను మెత్తేవాళ్ళు. తీసిన రోజే దిగకూడదు... లోపలి గాలి చెడ్డది. ఒక రోజు తెరిచి ఉంచి, లాంతరు దించి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సన్నగా ఉండేవాణ్ణి కాబట్టి దిగే పని నాదే.

మా వైపు నాగుల చవితి కార్తీకంలో కాదు, శ్రావణంలోనే. ఆ ఏడు చవితికి మా మేనత్త హొళగుంద నుంచి పుట్టింటికి వచ్చింది. ఇంట్లో జొన్నలు అయిపోయాయి. చవితి నాడు మన్ను తవ్వకూడదు, నాగప్పకు, అంటే నాగుపాము సామికి, తగులుతుందని. అందుకే మా అవ్వ ముందు రోజే పాతర తీయించింది. రాత్రంతా మూతికి ఒక కంపకొమ్మ అడ్డం పెట్టి వదిలేశాం.

నాగప్పకు కోపం రాకూడదని చేసిన పని... ఆయనకు తలుపు తీసినట్టయింది.

పొద్దున మా నాయన నన్ను తాడుతో దించాడు. పక్కన లాంతరు బాగానే వెలుగుతోంది. తాడు విప్పి గంపకు కట్టి, జొన్నలు నింపాను. నాయన లాగాడు. మూతి దగ్గర గంప గడ్డికి రాసుకుంది.

గంప పైకి పోయింది. గడ్డిలోంచి పడగ బయటికి వచ్చింది.

నేను మోకాళ్ళ దాకా జొన్నల్లో ఉన్నాను. కాలు తీద్దామంటే ఇంకా లోపలికి దిగుతోంది. నాకూ ఆకాశానికీ మధ్య అది.

నేను అప్పుడూ మాటలు తక్కువవాణ్ణే. "నాయనా... పాము" అన్నాను. అంతే.

నాయన కట్టె తీశాడు. అవ్వ చెయ్యి పట్టుకుంది.

"చవితి పూట నాగప్ప మీద కట్టె ఎత్తుతావేంరా?"

"బిడ్డ లోపలుండాడమ్మా!"

"కొడితే యాడ పడతాది? వాని నెత్తిన కాదా?"

నాయన కట్టె దించాడు.

ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు పుట్టకు పోయాల్సిన పాలు ఇక్కడికే తెచ్చారు. "తాగి పో సామీ" అంటూ మూతి అంచున పోశారు. పాలు గడ్డి మీదుగా జారి నా తల మీద పడ్డాయి. అది తాగలేదు. గడ్డిలోకి ఇంకొంచెం ముడుచుకుంది. వింటే బయటికి వస్తుందని ఎవరో తప్పెట వాయించారు. చుట్టూ తిరిగి మొక్కుతున్నారు. అడుగు పడినప్పుడల్లా మన్ను నా మీద రాలుతోంది, అది బుస కొడుతోంది.

అందరూ నా కోసమే వచ్చారు. వచ్చేకొద్దీ నా దారి మూసుకుపోతోంది.

అప్పుడు మా అత్త గొంతు వినబడింది. గొర్రెలు కాసే ఇంటి కోడలు ఆమె.

"ఏమప్పా, దానికి చెవులు యాడుండాయని తప్పెట కొడతాండారు? నేల అదిరితేనే దానికి తెలిసేది. ఇంతమంది తొక్కతాంటే యాడికని పోతాది?"

"పాలు పోస్తిమి గదమ్మా" అన్నారెవరో.

"తాగేదానికి అదేమన్నా మీ యింటి పిల్లినా? ఎలకల కోసం దిగింది. పోండి అందరూ. ఎట్ల వచ్చిందో అట్లే పోతాది."

"బిడ్డను ఒక్కన్నే ఇడిసిపెట్టా?" అది మా అమ్మ.

"ఒక్కన్నే ఇడిస్తేనే వదినా వాడు బతికేది."

తర్వాత నాతో చెప్పింది. "ఈరా, సుమ్మనె కూచో. అరవద్దు, కదలద్దు. అది పోయినాక మేమే పిలుస్తాము."

పోవద్దు అనాలని ఉంది. అత్త అరవద్దంది.

అడుగులు దూరమయ్యాయి. అమ్మ కాలి కడియాలు అందరికంటే చివర... అవి కూడా ఆగిపోయాయి.

ఇక గడ్డి కొస నుంచి పాలచుక్క జొన్నల మీద పడే చప్పుడే. లాంతరు వేడి. చెమట కంట్లోకి దిగినా చెయ్యి ఎత్తలేదు. ఎవరూ రారేమో అనిపించింది. చవితి కదా... నన్ను దానికి ఇచ్చేసి పోయారేమో అనిపించింది.

అది సగం ఒళ్ళు కిందికి జార్చింది. నాలుక ఆడించింది. నేను కళ్ళు మూయలేదు. మూస్తే ఎక్కడుందో తెలియదు.

చాలాసేపటికి తల పైకి తిప్పింది. తొందర లేకుండా అంచు దాటింది. తోక కూడా పోయింది. అయినా నేను అరవలేదు. వాళ్ళే పిలవాలి కదా...

"గోడ దాటింది! ఈరా, ఉండావా?"

"ఉండాను" అన్నాను.

వాళ్ళు ఎక్కడికీ పోలేదట. అందరూ మిద్దెల మీదే ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారట. పైకి లాగాక మా అవ్వ నా తల తుడుస్తూ ఏడుస్తూనే నవ్వింది. "నాగప్ప పాలన్నీ నీ నెత్తినే పోస్తిమి గదరా..."

ఇప్పుడు ఆ పాతర లేదు. పూడ్చేసి పైన సిమెంటు వేశారు. మొన్న మనవరాలు అడిగింది, పాము పాలు తాగుతుందా తాతా, పగ పడుతుందా అని. నాకు తెలిసిన పాము తాగలేదమ్మా అన్నాను. పగంటావా... ఇన్నేళ్ళయింది, ఇంకా రాలేదు.

ఈమధ్య ఆదోనిలో మా కూతురి వీధిలో ఒక నాగుపాము అంగడి మెట్ల దగ్గర చిక్కుకుంది. చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు. అది ఎటు తిరిగితే అటు కాళ్ళే. ఈసారి పాతరలో ఉన్నది అది.

"దారి ఇడవండప్పా" అన్నాను. నాకే వినబడలేదు. నా జన్మలో ఎప్పుడూ అరవనంత గట్టిగా మళ్ళీ అన్నాను. ఇద్దరు పక్కకు జరిగారు. దానికి ఆ సందు చాలింది.

మా అత్త పోయి చాలా కాలమైంది. మీ ఊళ్ళో కూడా అట్లా "అందరూ పోండి" అని చెప్పగలిగిన మనుషులు ఉండేవాళ్ళా... ఉంటే రాయండి. నేను ఎక్కువ మాట్లాడను గానీ, అన్నీ చదువుతాను.